కొత్త కారా, సెకండ్ హ్యాండ్ కారా: ధర కంటే ముందు తేల్చుకోవలసినవి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. ఇంట్లో నలుగురు ఉన్నారు, ఇది మీ మొదటి కారు, రోజుకు 30 కిలోమీటర్ల దాకా తిరగవలసి ఉంటుంది, కొన్నాక చాలాకాలం ఉంచుకోవాలని ఉంది. చేతిలో ఉన్న పొదుపుతో నాలుగేళ్లు వాడిన పెద్ద కారు అప్పు లేకుండా వస్తుంది. అదే సొమ్మును డౌన్ పేమెంటుగా కట్టి మిగతాది అప్పు తీసుకుంటే చిన్న కొత్త కారు వస్తుంది. ఈ రెండింటిలో ఏది మేలు అన్నది మీ సందేహం. కార్లు మరమ్మతు చేయడం, కొనబోయేవారి తరఫున పాత కార్లను పరీక్షించి చెప్పడం చాలాకాలంగా నా వృత్తి కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

నా అనుభవంలో ఈ నిర్ణయాన్ని తేల్చేవి రెండే విషయాలు. కారును మీరు ఎన్నేళ్లు ఉంచుకుంటారన్నది మొదటిది. మీ ముందు నిలబెట్టిన ఆ ఒక్క పాత కారు గతంలో ఎంత భాగాన్ని ఆధారాలతో సహా తెలుసుకోగలరన్నది రెండవది. ధర, మైలేజీ, హోదా, ఇంట్లోవారి ఇష్టాయిష్టాలు అన్నీ వీటి తరువాతే వస్తాయి.

ముందు డబ్బు సంగతి చూద్దాం. కారుకు అయ్యే ఖర్చుల్లో అన్నిటికంటే పెద్దది సాధారణంగా ఇంధనమూ కాదు, మరమ్మతులూ కాదు, విలువ తరిగిపోవడమే. దానికి ఎవరూ బిల్లు ఇవ్వరు కాబట్టి మనకు కనిపించదు. అనేక మార్కెట్లలో కొత్త కారు మొదటి ఏడాదిలోనే తన విలువలో ఐదో వంతుకు అటూఇటూగా పోగొట్టుకుంటుంది, నాలుగైదేళ్లకు సుమారుగా సగానికి వస్తుంది, ఆ తరువాత తరుగుదల నెమ్మదిస్తుంది. లెక్క సులువుగా ఉండడానికి ఒకే మోడల్ కొత్త ధరను 100 అనుకుందాం. నాలుగేళ్ల వయసులో అది 55కు, పదేళ్ల వయసులో 20కి అమ్ముడవుతుందనుకుందాం. కొత్తగా కొని పదేళ్లు ఉంచుకున్నవారికి తరుగుదల 80, అంటే ఏడాదికి 8 పడుతుంది. నాలుగేళ్ల కారును 55కు కొని, పాత యజమాని వాయిదా వేసిన టైర్లు, బ్రేకులు, బ్యాటరీ వంటివాటికి మరో 8 ఖర్చుపెట్టి, ఆరేళ్లు వాడి 20కి అమ్మినవారికి పోయేది 43, అంటే ఏడాదికి 7 పైచిలుకు. కొత్తగా కొని నాలుగేళ్లకే మార్చేసేవారికి మాత్రం ఏడాదికి 11 దాటుతుంది.

ఈ అంకెల్లో గమనించవలసినది ఒకటుంది. పదేళ్లు ఉంచుకునేవారి విషయంలో కొత్తకూ పాతకూ మధ్య తేడా జనం అనుకున్నంత పెద్దది కాదు. పాత కారు కొంటే మరమ్మతులు ఎక్కువ వస్తాయని భయపడతారు గానీ, కొత్త కారును పదేళ్లు నడిపే మనిషి కూడా అయిదో ఏడు, ఎనిమిదో ఏడు దాటవలసినదే, ఆ మరమ్మతులు భరించవలసినదే. మూడు నాలుగేళ్లకొకసారి కారు మార్చే అలవాటున్నవారికే కొత్త కారు నిజంగా ఖరీదైన వ్యవహారం. అంత తొందరగా మార్చేవారు పాతవాటిలోనే ఒకదాని తరువాత ఒకటి కొనుక్కోవడం మేలు.

అయితే పై లెక్కలో వడ్డీ లేదు. మీ పరిస్థితిలో అసలు తేడా తెచ్చేది అదే. 100 ధరలో 80 అప్పు తీసుకుని, 9 శాతం వార్షిక వడ్డీతో 5 ఏళ్లలో తీరుస్తే, వడ్డీ ఒక్కటే దాదాపు 20 అవుతుంది. పదేళ్లకు పంచితే ఏడాదికి మరో 2. అప్పుడు కొత్త కారు ఖర్చు ఏడాదికి 10కి చేరుతుంది, అప్పు లేకుండా కొన్న పాత కారు 7 దగ్గరే ఉంటుంది. పైగా మొదటి రెండేళ్లలో కారు విలువ తగ్గే వేగం అప్పు తీరే వేగం కంటే ఎక్కువగా ఉండవచ్చు. ఆ సమయంలో ఉద్యోగం పోయినా, కారును అమ్మవలసి వచ్చినా, అమ్మితే వచ్చిన సొమ్ము అప్పు తీర్చడానికి చాలకపోవచ్చు. డౌన్ పేమెంటు తక్కువ, గడువు ఎక్కువ ఉన్న అప్పుల్లో ఇది తరచుగా జరుగుతుంది. నెలవారీ వాయిదా చిన్నదిగా కనిపించేలా గడువును ఏడేళ్లకు సాగదీయడం అమ్మేవారికి లాభం గాని కొనేవారికి కాదు. పాత కార్లకు అప్పు తీసుకుంటే వడ్డీ రేటు సాధారణంగా ఇంకా ఎక్కువ ఉంటుంది కాబట్టి, పాత కారును అప్పుతో కొనేవారికి ఈ లెక్క మళ్లీ మారిపోతుంది.

మీరు పోల్చుతున్నవి ఒకే మోడల్‌లో కొత్తవీ పాతవీ కావు, చిన్న కొత్త కారును పెద్ద పాత కారుతో పోలుస్తున్నారు. ఇక్కడ చాలామంది తడబడతారు. పెద్ద కారు ధర సగానికి తగ్గి ఉండవచ్చు గాని, దాని టైర్లు, బ్రేకు ప్యాడ్లు, సస్పెన్షన్ భాగాలు, హెడ్‌లైట్లు సగం ధరకు రావు. అవి ఆ కారు కొత్తగా ఉన్నప్పటి స్థాయి ధరకే వస్తాయి. ఇంధనమూ అంతే. కాబట్టి సంతకం చేసే ముందు ఆ మోడల్‌కు నాలుగు టైర్లు, ఒక సెట్టు బ్రేకు డిస్కులు, క్లచ్ లేదా ఆటోమేటిక్ గేర్‌బాక్స్ సర్వీసు, ఏడాది బీమా ఎంతవుతాయో నాలుగు చోట్ల అడిగి రాసుకోండి. ఆ మొత్తం విని గుండె గుభేలుమంటే ఆ కారు మీ స్థోమతకు మించినదని అర్థం, కొనే ధర ఎంత ఆకర్షణీయంగా ఉన్నా సరే.

పాత కారు అనగానే ఎల్లప్పుడూ చౌక అనుకోకూడదు. 2021, 2022 సంవత్సరాల్లో సెమీకండక్టర్ చిప్‌ల కొరత వల్ల కొత్త కార్ల ఉత్పత్తి తగ్గి, చాలా దేశాల్లో ఏడాది రెండేళ్ల పాత కార్లు కొత్తవాటి ధరకు దగ్గరగా అమ్ముడుపోయాయి. మామూలు రోజుల్లో కూడా బాగా గిరాకీ ఉన్న మోడళ్లలో ఏడాదిన్నర కారుకూ కొత్తదానికీ తేడా పది పన్నెండు శాతం దాటకపోవచ్చు. అటువంటప్పుడు పూర్తి వారంటీ, తక్కువ వడ్డీ, తెలియని గతమంటూ లేకపోవడం కలిపి చూసుకుంటే కొత్తదే సబబు. నా లెక్క ప్రకారం పాత కారుకు సరైన వయసు మూడు నుంచి అయిదేళ్లు. తరుగుదలలో నిటారు భాగం అయిపోయి ఉంటుంది, పెద్ద మరమ్మతులు ఇంకా మొదలై ఉండవు.

ఇక రెండవ విషయం, కారు గతం. 1970లో ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ పాత కార్ల బజారునే ఉదాహరణగా తీసుకుని ఒక సంగతి వివరించారు: కారు లోపాలు అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియవు, అందువల్ల కొనేవాడు అన్ని కార్లకూ సగటు ధరే ఇవ్వజూపుతాడు, ఆ ధరకు మంచి కార్ల యజమానులు అమ్మడానికి ఇష్టపడరు, చివరికి బజారులో లోపాలున్న కార్ల వాటా పెరిగిపోతుంది. సమాచారం ఒకవైపే ఉండే మార్కెట్ల మీద చేసిన కృషికి ఆయన 2001లో మరో ఇద్దరితో కలిసి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. నేను రోజూ చూసేదీ ఇదే. అందుకే పాత కారు కొనేటప్పుడు మీరు బేరమాడవలసినది ధర కోసం మాత్రమే కాదు, సమాచారం కోసం కూడా. సర్వీసు బిల్లులు తేదీలతో, కిలోమీటర్లతో సహా వరుసగా ఉన్న కారుకు పది శాతం ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. బిల్లులేవీ లేని కారు ఎంత నిగనిగలాడుతున్నా దాని ధర నాకు అనుమానమే.

బిల్లులు చూసేటప్పుడు మొత్తాలను కాక కిలోమీటర్ల వరుసను చూడండి. ఒక బిల్లులో 62,000, ఏడాది తరువాతి బిల్లులో 58,000 ఉంటే మీటరు వెనక్కి తిప్పినట్టు కాగితమే చెబుతుంది. కాగితం లేనప్పుడు కారు చెబుతుంది. 40,000 కిలోమీటర్లే తిరిగిందంటున్న కారులో బ్రేకు పెడల్ రబ్బరు అంచులు నున్నగా అరిగిపోయి ఉండడం, డ్రైవరు సీటులో తలుపు వైపు అంచు నలిగి కుంగిపోయి ఉండడం, స్టీరింగు తోలు మెరుపెక్కి ఉండడం పొసగవు. పెడల్ రబ్బరు మాత్రం కొత్తగా మెరుస్తూ మిగతావన్నీ పాతబడి ఉంటే అది ఇంకా పెద్ద అనుమానం.

పరీక్షించడానికి వెళ్లేటప్పుడు పగటి వెలుతురులో, వాన లేనప్పుడు వెళ్లండి, ఇంజిన్ చల్లగా ఉంచమని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. మీరు రాకముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంటే, చల్లగా ఉన్నప్పుడు మాత్రమే బయటపడే శబ్దమో పొగో దాచాలని చూసి ఉండవచ్చు. స్టార్ట్ చేశాక పొగ గొట్టం దగ్గర నిలబడండి. నీలం పొగ ఇంజిన్ ఆయిల్ కాలుతోందనడానికి గుర్తు. తియ్యటి వాసనతో ఆగకుండా వచ్చే తెల్ల పొగ, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) సిలిండర్లలోకి చేరుతోందనడానికి గుర్తు. చల్లటి ఉదయం కాసేపు వచ్చి మాయమయ్యే ఆవిరికి కంగారు పడనక్కరలేదు.

తాళం తిప్పి ఇంజిన్ ఇంకా స్టార్ట్ చేయకముందు డ్యాష్‌బోర్డును ఒక్కసారి నిదానంగా చూడండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), ఇంజిన్ లైట్లు అన్నీ వెలగాలి, స్టార్ట్ చేశాక కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరకపోతే లోపం ఉన్నట్టు. అసలు వెలగనే వెలగకపోతే మరీ ప్రమాదకరం, ఎందుకంటే ప్రమాదంలో విచ్చుకున్న ఎయిర్‌బ్యాగును మళ్లీ పెట్టకుండా, లైటును పనిచేయకుండా చేసి అమ్మేవారున్నారు. ఇంజిన్ లైటు విషయంలోనూ ఇలాగే జరుగుతుంది. కారు కంప్యూటరు నమోదు చేసుకున్న లోపం కోడ్లను స్కానరుతో చెరిపేస్తే లైటు ఆరిపోతుంది. కానీ చెరిపిన తరువాత కారు తనను తాను పరీక్షించుకునే ప్రక్రియలు మళ్లీ మొదటికి వస్తాయి, రకరకాల వేగాల్లో కొంతకాలం నడిపితే గాని పూర్తి కావు. మీ మెకానిక్ స్కానరు పెట్టి చూసినప్పుడు ఆ పరీక్షల్లో చాలావరకు అసంపూర్ణం అని కనిపిస్తే, నిన్నో మొన్నో ఎవరో కోడ్లు చెరిపి ఉండవచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండవచ్చు. ఎందుకో అడిగి, కొన్ని రోజులాగి మళ్లీ చూడండి.

ప్రమాదానికి గురైన కారు పైకి కనిపించకపోవచ్చు. బానెట్, ఫెండర్లు (ముందు చక్రాల మీది రేకులు) బిగించిన బోల్టుల తలల మీద పెయింటు చెదిరి, స్పానరు గుర్తులుంటే ఆ భాగాలు ఎప్పుడో విప్పారని అర్థం. డిక్కీలో స్టెప్నీ తీసి, కింది రేకును చేత్తో తడమండి. ఫ్యాక్టరీలో నొక్కిన రేకు ఒకే తీరుగా ఉంటుంది, వెనుక దెబ్బ తిని సరిచేసిన రేకులో ముడతలు, సీలంటు గడ్డలు చేతికి తగులుతాయి. పెయింటు మందం కొలిచే చిన్న పరికరం ఉంటే ఇంకా మంచిది. ఫ్యాక్టరీ పెయింటు సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దరిదాపుల్లో ఉంటుంది. ఒక తలుపు మీద 400, 600 చూపిస్తే దాని కింద పుట్టీ ఉంది. ఒక గీతకు వేసిన పెయింటు నేరమేమీ కాదు, పిల్లర్ల (పైకప్పును మోసే స్తంభాల) మీద, పైకప్పు మీద పెయింటు వేసి ఉంటే మాత్రం కారణం తెలిసేదాకా కొనకండి.

వరద నీటిలో మునిగిన కారును ఎంత తక్కువకిచ్చినా తీసుకోవద్దు. సీటు బెల్టును పూర్తిగా చివరిదాకా లాగి చూడండి. మామూలుగా లోపల చుట్టుకుని ఉండే ఆ చివరి అడుగులో బురద చార కనిపిస్తే ఇక వేరే పరీక్ష అక్కరలేదు. కార్పెట్ ఎత్తి సీటు బోల్టుల తుప్పు, వైరింగు కనెక్టర్లలో పచ్చటి మచ్చలు చూడండి. ఇటువంటి కారు మొదటి నెలల్లో బాగానే నడుస్తుంది, తరువాత ఒక్కొక్క కంప్యూటరూ మొరాయించడం మొదలవుతుంది, ఏ మెకానికూ దాన్ని పూర్తిగా బాగుచేయలేడు.

టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైన టైరు. నాలుగు టైర్ల తేదీలూ కారు వయసూ పొంతన కుదిరితే మంచిదే; 30,000 కిలోమీటర్ల కారుకు అప్పుడే రెండో జత టైర్లు ఎందుకు పడ్డాయో అడగాలి.

మీకు రోజుకు 30 కిలోమీటర్లు, అదీ ఎక్కువగా ఊళ్లోనే అయితే, పాత డీజిల్ కారు వద్దనే నా గట్టి సలహా. ఈ తరం డీజిళ్లలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది పేరుకున్న మసిని కాల్చుకోవడానికి అప్పుడప్పుడూ ఆగకుండా హైవే వేగంతో సాగే ప్రయాణం కావాలి. చిన్న చిన్న దూరాలు తిరిగితే అది మూసుకుపోతుంది, మార్చడం ఖరీదైన పని. పెట్రోలు కారైతే ఇంజిన్ వాల్వులను పిస్టన్ల కదలికతో తాళం తప్పకుండా నడిపేది టైమింగు బెల్టు అవునా, చైన్ అవునా అన్నది కనుక్కోండి. బెల్టయితే కంపెనీ చెప్పిన కిలోమీటర్లకో ఏళ్లకో, ఏది ముందయితే దానికి మార్చిన బిల్లు ఉండాలి, ఎందుకంటే చాలా ఇంజిన్లలో ఆ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు కొట్టుకుని ఇంజిన్ మొత్తం పోతుంది. ఎలక్ట్రిక్ కారైతే మిగతా పరీక్షలన్నీ ఒక ఎత్తు, బ్యాటరీ ఆరోగ్యం ఒక్కటీ ఒక ఎత్తు. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తూ, సామర్థ్యం 70 శాతం కంటే తగ్గితే బాధ్యత తీసుకుంటాయి. నాలుగేళ్ల ఎలక్ట్రిక్ కారులో అందులో సగం ఇంకా మిగిలి ఉంటుంది, అది రెండో యజమానికి బదిలీ అవుతుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోండి. మామూలు కార్లలోనూ ఈ ప్రశ్న అడగండి. ఉదాహరణకు కియా యూరప్‌లో 7 ఏళ్లు లేదా 1,50,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తుంది. అటువంటి కారు నాలుగేళ్లకు అమ్మకానికి వస్తే, సర్వీసులు సమయానికి జరిగి ఉంటే, ఇంకా మూడేళ్ల భరోసా మిగిలినట్టే.

నలుగురు ప్రయాణించే కారు కాబట్టి భద్రత గురించి చెప్పకుండా ఉండలేను. పిల్లలను కూర్చోబెట్టే కారులో నేను రాజీపడని అంశం ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, అంటే కారు జారి అదుపుతప్పబోతుంటే ఒక్కొక్క చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో నిలిపే ఏర్పాటు. 1995లో మొదలైన ఈ సదుపాయం అమెరికాలో 2012 మోడళ్ల నుంచి, యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. కారు ఒక్కటే అదుపుతప్పి జరిగే ప్రాణాంతక ప్రమాదాల ముప్పును ఇది దాదాపు సగానికి తగ్గిస్తుందని అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ ఐఐహెచ్ఎస్ అధ్యయనాలు చెబుతున్నాయి. బజారులో ఉన్న కొన్ని చిన్న కొత్త కార్ల కనీస వేరియంట్లలో లేనిది నాలుగేళ్ల పెద్ద కారులో ఉండవచ్చు. అందుచేత కొత్తది కాబట్టి క్షేమమని అనుకోకుండా, వేరియంటు వారీగా చూసుకోండి. క్రాష్ పరీక్షల స్టార్ రేటింగులు కూడా పరీక్షించిన సంవత్సరంతో కలిపి చదవాలి, ఎందుకంటే ప్రమాణాలు ఏళ్లు గడిచేకొద్దీ కఠినమవుతున్నాయి.

రీకాల్ మరమ్మతులు, అంటే లోపం బయటపడ్డాక తయారీదారు కార్లను వెనక్కి పిలిచి చేసేవి, జరిగాయో లేదో కూడా చూడాలి. టకాటా కంపెనీ ఎయిర్‌బ్యాగుల ఇన్‌ఫ్లేటర్లలోని (బ్యాగును ఉబ్బించే భాగాల్లోని) రసాయనం ఏళ్ల తరబడి వేడికీ తేమకూ గురై చెడిపోయి, విచ్చుకున్నప్పుడు లోహపు ముక్కలు చిమ్మి మనుషుల ప్రాణాలు తీసింది. ఒక్క అమెరికాలోనే సుమారు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లను వెనక్కి పిలిచారు. ఇటువంటి మరమ్మతును కంపెనీలు సాధారణంగా ఉచితంగా చేస్తాయి గాని, ఉత్తరం వెళ్లేది పాత యజమాని చిరునామాకు. చేతులు మారిన కార్లు అలాగే మిగిలిపోతాయి. కారు ఛాసిస్ నంబరుతో తయారీదారును అడిగితే నిమిషాల్లో తెలుస్తుంది. ఆ నంబరే రిజిస్ట్రేషన్ పత్రంలోనూ, కారు మీద చెక్కిన చోటా ఒక్కలా ఉందో లేదో, అమ్మేవారి పేరే పత్రంలో ఉందో లేదో, పాత అప్పు పూర్తిగా తీరిందో లేదో అదే పూట చూసేయండి.

మీరు చెప్పిన వివరాల ప్రకారం నా తీర్పు నాలుగేళ్ల కారు వైపే, కాని మూడు షరతులతో. సర్వీసు చరిత్ర వరుసగా ఉండాలి. అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్, కారును లిఫ్టు మీద ఎక్కించి కింది నుంచి చూసి రాతపూర్వకంగా నివేదిక ఇవ్వాలి; దీనికి ఒప్పుకోని అమ్మకందారు ఎంత మర్యాదస్తుడైనా అక్కడితో బేరం ముగించండి. మూడవది, కొన్న తరువాత మీ చేతిలో కారు ధరలో పదో వంతయినా మిగలాలి. పొదుపంతా కారులోనే పోసి, మూడో నెలలో గేర్‌బాక్స్ మరమ్మతుకు అధిక వడ్డీ అప్పు చేసేవారిని చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా పెద్ద కారు ఆశ వదులుకుని, పొదుపులో కొంత మిగిలేలా, అదే వయసున్న చిన్న కారు వెతకండి.

కొత్త కారే సరైనదయ్యే సందర్భాలు లేకపోలేదు. మీ దగ్గర నమ్మకమైన మెకానిక్ లేకపోయినా, కారు ఒక్కరోజు ఆగినా జీవనోపాధి ఆగిపోయే పని అయినా, పదేళ్లకు పైగా ఉంచుకునే ఉద్దేశం ఉండి అప్పు చిన్నదే అయినా కొత్తది తీసుకోండి. అప్పుడు కూడా మార్కెట్లోకి వచ్చి ఏడాదైనా కాని మోడల్ జోలికి పోవద్దు, మొదటి విడతల్లో బయటపడే లోపాలు సరిచేయడానికి తయారీదారుకు కొంత సమయం కావాలి. డెలివరీ రోజున తయారీ నెల, టైర్ల తేదీలు, పెయింటు పగటి వెలుతురులో చూడండి. యార్డులో నెలల తరబడి ఎండలో నిలిచిన కార్లు కూడా కొత్తవిగానే అమ్ముడవుతాయి.

పాత కారు తీసుకుంటే మొదటి నెలలోనే బిల్లులు ఏం చెప్పినా ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్లు మార్పించండి. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుని, వేడెక్కినప్పుడు ఆవిరై పెడల్‌ను మెత్తబరుస్తుంది కాబట్టి రెండేళ్లు దాటి ఉంటే దాన్నీ మార్చాలి. ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్స్ ఆయిల్ రంగు, వాసన చూపించుకోండి. నల్లబడి మాడు వాసన వస్తుంటే మార్చే ముందు ఆ గేర్‌బాక్స్ తెలిసినవారి సలహా తీసుకోండి. ఈ పనులన్నిటికీ తేదీ, కిలోమీటర్లు వేయించిన బిల్లులు ఒక ఫైలులో పెట్టుకుంటూ వెళ్లండి, రేపు మీరు అమ్మేటప్పుడు కొనేవారు అడిగేది ఆ ఫైలే.